సిలోన్ పడిపోయిన 1942: ఈ సీరియల్ గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

1942 ఏప్రిల్‌లో జపాన్ సైన్యం సిలోన్‌లో (ఇప్పటి శ్రీలంకలో) దిగి ఉంటే రెండో ప్రపంచ యుద్ధం ఎటు తిరిగేది? ఈ సీరియల్ ఆ ఊహ మీదే నడుస్తోంది. కొత్త భాగం వచ్చినప్పుడల్లా దాదాపు ఇవే ప్రశ్నలు వస్తున్నాయి కాబట్టి జవాబులన్నీ ఒకచోట పెట్టాను. ముందు ఏం జరగబోతోందో బయటపెట్టే జవాబు ఒకటుంది, దానికి ముందే హెచ్చరిక పెట్టాను.

ఇందులో నిజమెంత, కల్పన ఎంత?

రంగూన్ పడిపోయే దాకా, అంటే 1942 మార్చి 8 వరకు, అంతా నిజమే. ఆ తర్వాత ఒకే ఒక్క నిర్ణయాన్ని మార్చాను. దాని వల్ల పుట్టిన సంఘటనలన్నీ కల్పితం. దానితో సంబంధం లేనివి నిజంగా జరిగినట్టే జరిగిపోతుంటాయి. ఏప్రిల్ 18న అమెరికా అధికారి డూలిటిల్ విమానాలు టోక్యో మీద బాంబులు వేస్తాయి, మే 26న జర్మన్ సేనాపతి రోమెల్ లిబియాలోని గజాలా దగ్గర దాడి మొదలుపెడతాడు.

పేర్లున్న సేనాపతులు, నాయకులు చరిత్రలో ఉన్నవాళ్ళే. విశాఖ పోర్టు గుమాస్తా, రంగం (రంగూన్) నుంచి నడిచొచ్చిన కూలీ, మద్రాస్ సాపర్స్ అనే సైనిక ఇంజనీరింగ్ దళం హవల్దారు నేను కల్పించినవాళ్ళు. వాళ్ళకి పేర్లు పెట్టకపోవడం కావాలని చేసిన పనే.

అసలు ఆ ఏప్రిల్‌లో ఏం జరిగింది? స్కూల్లో ఎక్కడా చదివిన గుర్తు లేదే.

మనకి 1942 అంటే క్రిప్స్ రాయబారం, ఆగస్టులో క్విట్ ఇండియా. క్రిప్స్ ఇంకా ఇక్కడ ఉండగానే బంగాళాఖాతంలో పెద్ద యుద్ధమే జరిగిందన్న సంగతి ఎక్కడో గానీ చెప్పరు.

మార్చి 26న జపాన్ అడ్మిరల్ నగుమో నౌకాదళం సెలెబీస్ దీవి నుంచి బయల్దేరింది. అందులో అయిదు పెద్ద విమానవాహక నౌకలు: అకాగి, సోర్యు, హిర్యు, షోకాకు, జుయికాకు. పెర్ల్ హార్బర్ మీద దాడి చేసిన ఆరింట్లో కాగా ఒక్కటే లేదు, దానికి అడుగున దెబ్బ తగిలి రిపేరుకు వెళ్ళింది. బ్రిటిష్ వాళ్ళకి ఈ దాడి గురించి ముందే ఉప్పందింది. ఏప్రిల్ 1న వస్తారని అడ్మిరల్ సోమర్‌విల్ సిలోన్‌కి దక్షిణాన కాపు కాశాడు. రాలేదు. ఓడల్లో నీళ్ళు, ఇంధనం అయిపోవస్తుంటే మాల్దీవుల్లోని అడ్డూ అటోల్ అనే రహస్య స్థావరానికి వెళ్ళిపోయాడు. అతను అటు వెళ్ళాక వీళ్ళొచ్చారు.

4వ తేదీన కెనడా వైమానిక దళానికి చెందిన కేటలీనా విమానంలో గస్తీ తిరుగుతున్న లియొనార్డ్ బర్చాల్ కంట్లో ఆ నౌకలు పడ్డాయి. రేడియోలో కబురు పంపుతుండగానే జీరోలు అనే జపాన్ ఫైటర్ విమానాలు వచ్చి అతని విమానాన్ని కూల్చేశాయి. బర్చాల్, బతికిన సిబ్బంది యుద్ధం అయ్యేదాకా జపాన్ చెరలోనే ఉన్నారు. కబురు మాత్రం కొలంబో చేరింది. రేవులో ఉన్న ఓడల్ని చాలావరకు బయటికి పంపేయగలిగారు.

మర్నాడు, 5వ తేదీ, ఈస్టర్ ఆదివారం. వందకు పైగా విమానాలు కొలంబో మీద పడ్డాయి. మధ్యాహ్నానికి నడిసముద్రంలో డార్సెట్‌షైర్, కార్న్‌వాల్ అనే రెండు బ్రిటిష్ క్రూయిజర్లు దొరికాయి. డైవ్ బాంబర్లకి అరగంట కూడా పట్టలేదు, రెండూ మునిగాయి. 424 మంది చనిపోయారు. మిగిలిన 1,122 మంది నూనె తెట్టు కట్టిన నీళ్ళలో, ఏప్రిల్ ఎండలో, పగిలిన పడవల్నీ చెక్కల్నీ పట్టుకుని దాదాపు ముప్పై గంటలు తేలుతూ ఉన్నారు. గాయపడ్డవాళ్ళని పడవల్లో పడుకోబెట్టి, తక్కినవాళ్ళు వంతులవారీగా అంచులు పట్టుకున్నారు. సీరియల్లో మూడో భాగం మొత్తం ఆ ముప్పై గంటలే.

9న ట్రింకోమలీ వంతు. హెర్మిస్ అనే విమానవాహక నౌక ఆ రోజే మునిగింది, అప్పుడు దాని మీద ఒక్క విమానం కూడా లేదు. ఈలోగా ఓజావా నడిపిన మరో దళం బంగాళాఖాతంలో ఇరవైకి పైగా సరుకు ఓడల్ని ముంచేసింది. 6వ తేదీన విశాఖ, కాకినాడల మీద బాంబులు వేసింది ఈ దళం విమానాలే. ఆ తర్వాత అందరూ వెనక్కి వెళ్ళిపోయారు. జపాన్ అంత బలంతో హిందూ మహాసముద్రంలోకి మళ్ళీ రాలేదు.

మరి మీ కథలో మలుపు ఎక్కడ?

టోక్యోలో, ఒక బేరం దగ్గర.

సిలోన్‌ని పట్టుకోవాలని జపాన్ నౌకాదళాన్ని నడిపిన అడ్మిరల్ యమమోటో సిబ్బంది నిజంగానే ప్రతిపాదించారు. సైన్యం ససేమిరా అంది. చైనాలో యుద్ధం తెగట్లేదు, మంచూరియాలో రష్యా వైపు కాపలా తగ్గించడానికి లేదు, మీకు సముద్రం మధ్యలో దీవి కావాలంటే మేం మనుషుల్ని ఎక్కడ్నుంచి తేవాలి అన్నది వాళ్ళ వాదన. జపాన్‌లో సైన్యానికీ నౌకాదళానికీ ఉన్న పొరపొచ్చాలు తెలిసినవాళ్ళకి ఇది వింతగా అనిపించదు. సిలోన్ కుదరకపోయేసరికి యమమోటో తూర్పుకి తిరిగి, పసిఫిక్‌లో అమెరికా చేతిలో ఉన్న మిడ్‌వే దీవి కోసం పట్టు పట్టాడు.

కథలో ఆయన ముందు మిడ్‌వేని వదులుకుంటాడు. దానికి బదులుగా సైన్యం రెండు డివిజన్లు ఇస్తుంది. మార్చిన నిర్ణయం ఇంతే.

ఆ రెండు డివిజన్లు గాల్లోంచి ఊడిపడ్డాయా?

నాకు బాగా నచ్చిన ప్రశ్న ఇది. ఇలాంటి కథల్లో తొంభై శాతం ఇక్కడే కూలిపోతాయి. రచయిత ఒకచోట సైన్యాన్ని పెంచుతాడు, దాన్ని ఎక్కడ్నుంచి తీశాడో చెప్పడు.

సింగపూర్ లొంగిపోయాక 18, 56 డివిజన్లని ఓడలెక్కించి రంగూన్‌కి పంపారు. ఇది చరిత్ర. కథలో అవే ఓడలు, అదే సమయంలో, ట్రింకోమలీ వైపు తిరుగుతాయి. అంటే బర్మాలో ఆ రెండు డివిజన్లూ లేవన్నమాట. నిజ చరిత్రలో ఏప్రిల్ 29న లాషియోని పట్టుకుని చైనా సేనల వెనక దారి మూసేసింది 56 డివిజనే. నా కథలో లాషియో పడదు. చైనా సేనలు చెదిరిపోకుండా వెనక్కి తగ్గుతాయి, బర్మాలో బ్రిటిష్ సేనాపతి స్లిమ్ సేనకి ఊపిరి పీల్చుకునే వ్యవధి దొరుకుతుంది. సిలోన్‌లో వచ్చిన లాభానికి బర్మాలో పడ్డ నష్టం అది.

ఇంకో చిక్కు కూడా ఉంది. 18 డివిజన్ సేనాపతి ముటాగుచి. 1944లో ఇంఫాల్ మీదికి దండెత్తి సొంత సైన్యాన్ని ఆకలికి బలిపెట్టింది ఈయనే. కథలో ఆయన్ని సిలోన్ కొండల్లోకి పంపాను. ఇంఫాల్ జరుగుతుందా లేదా అని చాలామంది అడుగుతున్నారు. ముటాగుచి లేని ఇంఫాల్‌ని నేనైతే ఊహించలేను.

సిలోన్‌లో బ్రిటిష్ వాళ్ళు అంత తేలిగ్గా ఓడిపోతారా?

తేలిగ్గా అని నేను ఎక్కడా రాయలేదు. అప్పుడు ఆ దీవిలో రెండు ఆస్ట్రేలియా బ్రిగేడ్లు ఉన్నాయి, మధ్యప్రాచ్యం నుంచి స్వదేశానికి వెళ్తుంటే దారిలో ఆపేశారు. తూర్పు ఆఫ్రికా బ్రిగేడ్ ఒకటి, 34వ ఇండియన్ డివిజన్ ఉన్నాయి. మలయాలో లాగా కంగారుపడి పరిగెత్తే సైన్యం కాదది.

సముద్రం మీద సంగతి వేరు. సోమర్‌విల్ దగ్గర అయిదు యుద్ధనౌకలు ఉన్నాయి. అయిదూ మొదటి ప్రపంచ యుద్ధ కాలం నాటివే, వాటిలో నాలుగు నెమ్మదివి, మంచినీళ్ళ నిల్వ కూడా చాలనివి. విమానవాహక నౌకలు మూడు, అందులో హెర్మిస్ బాగా పాతది. ఆయన చేతిలో ఉన్న తురుపుముక్క ఒక్కటే: ఆల్బకోర్ విమానాలు. రెండు వరసల రెక్కలతో చూడ్డానికి పాత సామానులా ఉంటాయి, పగటిపూట జీరో ఎదురైతే బతకవు. కానీ వాటిలో రాడార్ ఉంది. చీకట్లో నౌకల్ని వెతికి టార్పెడో వేయగలవు. జపాన్ విమానాలకి ఆ శక్తి లేదు. పగలంతా దూరంగా తప్పించుకు తిరిగి రాత్రికి కొట్టాలన్నదే సోమర్‌విల్ నిజంగా వేసుకున్న పథకం. చరిత్రలో ఆ రాత్రి రాలేదు. కథలో వస్తుంది. నాలుగో భాగం చదవండి.

వాతావరణాన్ని కూడా మర్చిపోకండి. మే చివరికి నైరుతి రుతుపవనం వచ్చేస్తుంది. పడమటి తీరంలో ఆ తర్వాత దిగడం కష్టం. అందుకే కథలో జపాన్ కొలంబోని సముద్రం వైపు నుంచి ముట్టుకోదు, తూర్పున ట్రింకోమలీ పట్టుకుని నేల మీద నడుస్తుంది.

జపాన్ విశాఖలో ఎప్పుడు దిగుతుంది?

దిగదు. అందరికంటే ఎక్కువమంది అడిగే ప్రశ్న ఇదే, అందులో సగం మంది విశాఖవాళ్ళు. మన ఊరు కథలో ఉండాలన్న కోరిక నాకూ అర్థమవుతుంది.

లెక్క చూడండి. యుద్ధం మొదలైనప్పుడు జపాన్ సరుకు ఓడల మొత్తం దాదాపు 60 లక్షల టన్నులు. సైన్యం, నౌకాదళం వాటా తీసుకోగా మిగిలిన ఓడలతోనే దేశానికి నూనె, బియ్యం, ఇనుప ఖనిజం చేరాలి. సిలోన్‌లో రెండు డివిజన్లని పోషించడానికే ఆ మిగిలినదాంట్లోంచి లాక్కోవాలి. కోరమాండల్ తీరంలో ఇంకో సైన్యాన్ని దించి, దానికి నెలనెలా తిండీ మందుగుండూ మోయడానికి ఓడలేవీ? దిగడం ఒక రోజు పని. నిలబడాలంటే రోజూ ఓడ రావాలి.

కానీ భయం మాత్రం నిజం, కథకి అదే ముఖ్యం. ఏప్రిల్ 6న ర్యూజో అనే చిన్న విమానవాహక నౌక నుంచి వచ్చిన విమానాలు విశాఖ రేవు మీద బాంబులు వేశాయి, కొందరు చనిపోయారు. జనం బళ్ళు కట్టుకుని పల్లెలకి పోయారు. మద్రాసులో శత్రు నౌకలు వస్తున్నాయన్న తప్పుడు సమాచారం నమ్మి ప్రభుత్వ కార్యాలయాల్నే లోపలి జిల్లాలకి తరలించారు. బాంబులు పడి బోన్లు విరిగితే జంతువులు వీధుల్లోకొస్తాయని మద్రాసు జూలో క్రూరమృగాల్ని కాల్చేశారు. ఆంధ్ర విశ్వవిద్యాలయం వాల్తేరు వదిలి గుంటూరు వెళ్ళింది. ఇవన్నీ నిజంగా జరిగినవి, నేను ఒక్క అక్షరం కలపలేదు. అప్పటి బాంబు ఒకటి విశాఖ మ్యూజియంలో ఉంది. బీచ్‌లో అలల కోతకి ఇసుకలోంచి బయటపడ్డ కాంక్రీటు బంకర్ ఆ కాలానిదే. దాని సన్నటి కంతలోంచి సముద్రం వైపు చూస్తూ కూర్చున్న సిపాయికి శత్రువు రాడని ఎవరు చెప్తారు?

సింధియా వాళ్ళ షిప్‌యార్డుకి 1941 జూన్‌లో బాబూ రాజేంద్రప్రసాద్ శంకుస్థాపన చేశారు, మొదటి ఓడ జలఉష నీళ్ళలోకి దిగింది 1948 మార్చిలో. కథలో ఆ పని ఇంకా ఆలస్యమవుతుంది. మా పోర్టు గుమాస్తా గొడవంతా దాని చుట్టూనే.

యుద్ధ కథలో ఇంత బియ్యం గోలేంటి? ప్రతి భాగంలోనూ ఎవరో ఒకరు ధర గురించే మాట్లాడుతుంటారు.

ఎందుకంటే ఆ ఏడాది మామూలు మనిషికి యుద్ధం అంటే బియ్యం ధరే. బర్మా పోవడంతో అక్కడి బియ్యం ఆగిపోయింది. సిలోన్ తినేదాంట్లో ఎక్కువ భాగం బయటి నుంచి వచ్చేదే, అందులోనూ బర్మా బియ్యమే ఎక్కువ. మన దేశంలో ఆ కొరత ఎక్కడ తేలిందో తెలుసు కదా, 1943 బెంగాల్ కరువులో. జపాన్ వాళ్ళకి దొరక్కూడదని బెంగాల్ తీరంలో నాటుపడవల్ని ప్రభుత్వమే స్వాధీనం చేసుకుంది. పడవ పోతే జాలరికి చేపా లేదు, రైతుకి ధాన్యం మోసే దారీ లేదు. నా కథలో జపాన్ సిలోన్ దాకా వచ్చింది కాబట్టి అదే పని కృష్ణా, గోదావరి డెల్టాల్లోనూ చేస్తారు. అయిదో భాగంలో యానాం దగ్గర పడవలు తగలబెట్టే ఘట్టం కల్పితం, కానీ మూలం బెంగాల్లో జరిగినదే.

ఇక బర్మా నుంచి నడిచొచ్చినవాళ్ళ సంగతి. ఉత్తరాంధ్ర, గోదావరి జిల్లాల నుంచి తరతరాలుగా కూలికీ రేవు పనికీ రంగం వెళ్ళినవాళ్ళు ఉన్నారు. 1942లో మొత్తం మీద అయిదు లక్షల మంది దాకా భారతీయులు బర్మా విడిచి వచ్చారు. ఓడలో చోటు దొరకనివాళ్ళు అరకాన్ దారినో, మణిపూర్ వైపు కొండల మీంచో నడిచారు. కలరా, మలేరియా, ఆకలితో దారిలో పోయినవాళ్ళు వేలల్లో ఉన్నారు. రంగం వెళ్ళిన తాత తిరిగి రాలేదనే మాట ఇప్పటికీ చాలా ఇళ్ళల్లో వింటాం. ఆ మనిషి లేకుండా తెలుగులో ఈ యుద్ధం రాయడం నాకు చేతకాదు.

గాంధీ, నేతాజీ, రాజాజీ ఏమవుతారు?

రాజాజీతో మొదలుపెడతాను, ఎందుకంటే కథ మారేది ఆయన దగ్గరే. 1942 ఏప్రిల్‌లో, జపాన్ ముంచుకొస్తుంటే ముస్లిం లీగ్‌తో ఏదో ఒక రాజీకి వచ్చి జాతీయ ప్రభుత్వం పెట్టుకోవాలని ఆయన మద్రాసు కాంగ్రెస్ శాసనసభ్యుల చేత తీర్మానం చేయించారు. పార్టీ తిరస్కరించింది, ఆయన బయటికొచ్చారు. శత్రువు ధనుష్కోటికి ముప్పై కిలోమీటర్ల అవతల తలైమన్నార్‌లో కూర్చుని ఉంటే ఆ తీర్మానానికి వచ్చే బలం వేరు. కథలో రాజాజీ గెలవరు, కానీ ఒంటరి కూడా కారు.

క్విట్ ఇండియా జరుగుతుంది. ఇంకా ముందే జరుగుతుంది, ఇంకా కఠినంగా అణిచేస్తారు. తెనాలిలో ఆగస్టు 12న కాల్పుల్లో ఏడుగురు చనిపోయిన సంగతి మనకి తెలిసిందే. తీరమంతా సైనిక పాలనలో ఉంటే అలాంటివి ఎన్ని చోట్ల జరిగేవో ఊహించుకోండి. రష్యా ఉన్న పక్షం కాబట్టి ఈ యుద్ధాన్ని బలపరచాలన్న కమ్యూనిస్టుల ప్రజాయుద్ధం వాదన కూడా కథలో వినిపిస్తుంది, తిట్టడానికీ పొగడ్డానికీ కాకుండా.

నేతాజీ అప్పుడు బెర్లిన్‌లో ఉన్నారు. నిజానికి ఆయన జర్మన్ జలాంతర్గామి ఎక్కింది 1943 ఫిబ్రవరిలో, మడగాస్కర్ దగ్గరి సముద్రంలో జపాన్ జలాంతర్గామిలోకి మారింది ఏప్రిల్‌లో. సిలోన్ జపాన్ చేతిలో ఉంటే ఆయన్ని ముందే పిలిపించేవాళ్ళా? ఆరో భాగం దాకా ఆగండి.

నిజమైన మహానుభావుల నోట మీరు మాటలు పెట్టడం సబబేనా?

గాంధీ, నేతాజీలు నా కథలో నేరుగా మాట్లాడరు. వాళ్ళు ఏం అన్నారో వేరేవాళ్ళు చెప్పుకుంటుంటారు, అప్పట్లో జనానికి తెలిసిన పద్ధతి కూడా అదే. సేనాపతుల చేత మాట్లాడిస్తాను. ముటాగుచికి అంత మర్యాద అక్కర్లేదని నా అభిప్రాయం.

సిలోన్ సిపాయిలు జపాన్ వైపు తిరిగినట్టు రాశారు. అది అవమానించడం కాదా?

హిందూ మహాసముద్రంలోని కోకోస్ దీవుల గురించి చదవండి. 1942 మే 8 రాత్రి అక్కడ కాపలా ఉన్న సిలోన్ ఫిరంగి దళంలో కొందరు తిరగబడ్డారు. దీవిని జపాన్‌కి అప్పగించాలన్నది వాళ్ళ ఆలోచన. తిరుగుబాటు ఆ రాత్రే విఫలమైంది. నాయకుడు గ్రేషియన్ ఫెర్నాండోతో పాటు మరో ఇద్దర్ని ఉరి తీశారు. ఆ యుద్ధంలో తిరుగుబాటు నేరానికి మరణశిక్ష అమలైన కామన్వెల్త్ సైనికులు వీళ్ళు ముగ్గురే. ఏప్రిల్‌లోనే కాండీ జైలు నుంచి వామపక్ష నాయకులు కాపలావాడి సాయంతో తప్పించుకున్నారు, వాళ్ళు మాత్రం జపాన్‌కీ వ్యతిరేకులే. తెల్లదొర మీద కోపం ఉన్న ప్రతివాడూ జపాన్‌ని నమ్మాడని కాదు. కొందరు నమ్మారు.

అంటే జపాన్‌ని విమోచకుడిగా చూపిస్తున్నారా?

అండమాన్ చూపిస్తే చాలు ఆ అనుమానం తీరిపోతుంది. 1942 మార్చి 23న జపాన్ అక్కడ దిగింది. మొదట్లో చేతులు కలిపినవాళ్ళని కూడా గూఢచారులని పట్టుకుని హింసించింది. 1944 జనవరి 30న హంఫ్రీగంజ్‌లో 44 మందిని కాల్చి చంపారు. మలయా ఎస్టేట్ల నుంచి తమిళులతో పాటు తెలుగు కూలీల్ని కూడా సయాం (థాయ్‌లాండ్) నుంచి బర్మాకి వేస్తున్న రైలు మార్గం పనికి తోలుకెళ్ళారు. కథలో ట్రింకోమలీ రేవులో పనిచేసేవాళ్ళకి పట్టే గతి ఇదే. కొందరు పాఠకులకి ఇది రుచించలేదు. అలాంటి ఉత్తరాలకి జవాబు ఇవ్వడం మానేశాను.

సిలోన్ పోతే యూరప్‌లో యుద్ధానికి ఏంటి సంబంధం?

మ్యాప్ ముందు పెట్టుకోండి. మధ్యధరా సముద్రం మూసుకుపోయి ఉండటంతో ఈజిప్టులోని బ్రిటిష్ సైన్యానికి సామానంతా ఆఫ్రికా చుట్టూ తిరిగి, హిందూ మహాసముద్రం మీదుగా సూయజ్ చేరేది. ఇరాన్‌లోని అబదాన్ నూనె ఇటే వచ్చేది. ఇరాన్ మీదుగా రష్యాకి వెళ్ళే అమెరికా సాయమూ ఇటే. మలయా పోయాక మిత్రరాజ్యాలకి సహజ రబ్బరు పెద్దయెత్తున దొరికే చోటు సిలోనే. జూన్ 21న లిబియాలోని టొబ్రూక్ రేవు రోమెల్ చేతిలో పడిపోయాక అమెరికా 300 షెర్మన్ ట్యాంకులు పంపింది, అవి వచ్చిన దారి కూడా ఇదే. నిజ చరిత్రలో ఆ వేసవిలో కొద్దిపాటి జపాన్ జలాంతర్గాములు మొజాంబిక్ జలసంధిలో ఇరవైకి పైగా ఓడల్ని ముంచాయి. వాటికి దగ్గర్లో ట్రింకోమలీ లాంటి రేవు దొరికితే ఇంకెంత నష్టం జరిగేదో చెప్పక్కర్లేదు. రోమెల్ ఏం చేశాడన్నది ఏడో భాగంలో.

ఇలాంటివి ఆటలా ఆడి చూస్తారట కదా. మీరు ఆడారా?

బల్ల మీద మ్యాప్, పాచికలు, ఎదురుగా ఒక మొండి స్నేహితుడు. అలా ఆడే కొన్ని భాగాలు రాశాను. పాచిక చెప్పినదాన్ని అబద్ధం చేయకూడదన్నదే ఆ ఆటలో అసలు కష్టం.

దానికి యమాటో నౌకలో మిడ్‌వే దాడికి ముందు జపాన్ అధికారులు ఆడిన ఆటే సాక్ష్యం. అమెరికా విమానాలు దాడి చేశాయి, పాచిక వేశారు, జపాన్ నౌకలకి తొమ్మిది బాంబులు తగిలాయని ఆటకి అంపైరుగా ఉన్న అధికారి తేల్చాడు. అకాగి, కాగా మునిగినట్టు లెక్క. యమమోటో సిబ్బందికి పెద్ద అయిన ఉగాకి కలగజేసుకుని తొమ్మిదిని మూడు చేశాడు. అకాగి బతికింది. మునిగిన కాగా కూడా తర్వాతి ఆటలో మళ్ళీ తేలింది. జూన్ 4న అసలు యుద్ధంలో అకాగి, కాగా, సోర్యు తగలబడ్డాయి, సాయంత్రానికి హిర్యు కూడా.

మీ కథలో మిడ్‌వే లేదు. మరి అమెరికా ఊరుకుంటుందా? చివరికి జపాన్ గెలుస్తుందా? (ముందు కథ బయటపడుతుంది)

గెలవదు. 1942లో ఏ దీవి ఎవరి చేతిలో ఉన్నా, అమెరికా రేవుల్లో కడుతున్న ఓడలు ఆగవు. ఎసెక్స్ తరగతి విమానవాహక నౌకలు మొత్తం 24 కట్టారు, అందులో చాలావరకు యుద్ధం అయ్యేలోపే పూర్తయ్యాయి. లిబర్టీ సరుకు ఓడలు 2,710. దానికి ఎదురు నిలిచే కర్మాగారాలు జపాన్‌కి లేవు, సిలోన్ దొరికితే రావు. అణుబాంబు పని కూడా ఈ మలుపుతో ఆగేది కాదు.

కానీ ముగింపు ఒకటే అయితే కథ ఎందుకు అనే వాదన నాకు నచ్చదు. యుద్ధం ఒక ఏడాది ఆలస్యంగా ముగిస్తే బెంగాల్ కరువు ఎంత దూరం పాకుతుంది? దేశ విభజన గీత ఎక్కడ పడుతుంది? షోకాకు, జుయికాకు సిలోన్ దగ్గరే ఉండిపోతే మేలో కోరల్ సముద్రంలో యుద్ధం లేదు, అప్పుడు ఆస్ట్రేలియాకి ఎదురుగా న్యూగినీలో ఉన్న పోర్ట్ మోర్స్‌బీ సంగతేంటి? నాకు కావలసిన కథ ఇక్కడుంది.

హిట్లర్ ఇంగ్లండ్‌లో దిగే కథ రాయొచ్చుగా?

రాసినవాళ్ళు చాలామంది ఉన్నారు. రైన్ నదిలో బొగ్గు మోసే దోనెల్ని కూడగట్టి, రాయల్ నేవీ కాపలా ఉన్న ఛానెల్ దాటాలన్న పథకం అది. నార్వేలోని నార్విక్‌లో పది డిస్ట్రాయర్లు పోగొట్టుకున్న నౌకాదళం వాటికి తోడు. 1940 సెప్టెంబర్ 17న హిట్లర్ దాన్ని వాయిదా వేశాడు. 1974లో బ్రిటిష్ సైనిక కళాశాల శాండ్‌హర్స్ట్‌లో మాజీ అధికారులు ఆడిన ఆటలో కూడా దిగిన జర్మన్లు ఓడిపోయారు. దాన్ని గెలిపించాలంటే ఒక మలుపు చాలదు, పది కావాలి. పది మలుపులు పెడితే అది జానపద కథ.

నేనూ ఇలాంటిది రాయాలనుకుంటున్నాను. ఎక్కడ మొదలుపెట్టాలి?

ముందు ఆ ఏడాది రైల్వే టైంటేబుల్ లాంటివి చదవండి, తుపాకుల పేర్లు తర్వాత. మలుపు ఎంత చిన్నదైతే అంత మంచిది. సరయేవోలో డ్రైవరు తప్పు సందులోకి తిప్పి ఆస్ట్రియా యువరాజుని హంతకుడి ముందుకి తెచ్చిన కారు, మొదటి ప్రపంచ యుద్ధానికి దారితీసిన ఆ మలుపు మాత్రం వద్దు, దాన్ని అరగదీసేశారు.

చరిత్రలో చిన్న మలుపులకి కొదవ లేదు. 1931 డిసెంబర్‌లో న్యూయార్క్‌లో రోడ్డు దాటుతూ చర్చిల్ అటు చూడాల్సింది ఇటు చూశాడు, కారు గుద్దేసింది. ఎలాగో బతికాడు. అమెరికా అంతర్యుద్ధంలో దక్షిణాది గెలిచి ఉంటే అంటూ ఆయన రాసిన వ్యాసం ఒక పుస్తకంలో వచ్చిన ఏడాది కూడా అదే. తానే అలాంటి వ్యాసానికి వస్తువై ఉండేవాడు.

ఇంకొకటి. 1940 జనవరి 10న పొగమంచులో దారి తప్పిన ఒక జర్మన్ విమానం బెల్జియంలో దిగింది. అందులో రైన్‌బర్గర్ అనే మేజర్ దగ్గర దాడి పథకాల కాగితాలున్నాయి. పొద చాటున వాటికి నిప్పు పెట్టబోతే బెల్జియం సిపాయిలు వచ్చి ఆపేశారు. తర్వాత కాపలా గదికి తీసుకెళ్తే అక్కడ ఆ కాగితాల్ని లాక్కుని పొయ్యిలో కుక్కాడు. ఒక బెల్జియం అధికారి చెయ్యి కాల్చుకుని మరీ బయటికి లాగాడు. పథకం బయటపడిందన్న అనుమానం హిట్లర్ పాత దారి వదిలి ఆర్డెన్ అడవుల దారి పట్టడానికి ఒక కారణమైంది. ఆ రోజు పొగమంచు లేకపోతే? ఫ్రాన్స్ ఆరు వారాల్లో పడేదా?

లేదంటే మా సముద్రంలోనే ఒకటి మిగిలి ఉంది. ఏప్రిల్ 9న, ట్రింకోమలీ మీద దాడి జరిగిన ఉదయమే, తొమ్మిది బ్రిటిష్ బ్లెన్‌హైమ్ బాంబర్లు హెచ్చరిక అందేలోపే అకాగి నెత్తి మీదికి వచ్చేశాయి.  బాంబులు నౌకకి ఇరుపక్కలా నీళ్ళలో పడ్డాయి, ఒక్కటీ తగల్లేదు. తిరిగి వెళ్తుంటే బ్లెన్‌హైమ్‌లలో సగం దాకా కూలిపోయాయి. ఆ బాంబుల్లో ఒకటి విమానాలు, పెట్రోలు నిండిన అకాగి డెక్ మీద పడి ఉంటే ఏమయ్యేదన్నది నేను రాయట్లేదు, నా కథకి అకాగి అవసరం. కావాలంటే మీరు తీసుకోండి.